పిల్లల సైకిల్‌కు మోటారు బిగించే ముందు

"నాన్నా, దీని మీద ఎంత వేగంగా వెళ్లొచ్చు?"

తన సైకిల్‌కు మోటారు పెడదామని పట్టుబట్టిన 11 ఏళ్ల మా అమ్మాయి మొదట అడిగిన మాట ఇది. "అది తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఎలా ఆపుతామో తేల్చుకుందాం" అన్నాను. ఆ సెలవుల్లో మా పని అదే వరుసలో నడిచింది. ముందు బ్రేకులు, తర్వాత కరెంటు తెంచే స్విచ్చి, అన్నింటికీ చివర మోటారు. పిల్లలతో కలిసి ఈ పనికి పూనుకునే తల్లిదండ్రులెవరూ ఈ వరుసను తిరగేయవద్దు. మోటారు ముందే బిగిస్తే, పిల్లల ఆత్రం చూసి బ్రేకుల సంగతి రేపు చూద్దామని మీరే అనేస్తారు.

పెట్రోలు ఇంజన్ ఆలోచన ఉంటే మానుకోండి. దాని పొగగొట్టం పిల్లల కాలికి తగిలేంత దగ్గరలో కాలుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకి, దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. తలుపులు మూసిన గదిలో ఇంజన్ నడిపితే, వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

వేగం ఎంత

యూరప్ సమాఖ్యలో మామూలు విద్యుత్ సైకిళ్లకు మోటారు శక్తి 250 వాట్లు, మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల వరకే అన్న హద్దు ఉంది. పిల్లలకు 15 చాలు. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకు 4 మీటర్లకు పైగా పోతుంది, 30లో 8 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి, వేళ్లు బ్రేకును అందుకునేలోపే అంత దూరం అయిపోతుంది.

మేము చక్రం మధ్యలోనే అమరే 36 వోల్టుల హబ్ మోటారును 24 వోల్టుల బ్యాటరీతో నడిపాం. వోల్టేజీని బట్టే మోటారు తిరిగే వేగం ఉంటుంది కాబట్టి, అది మూడింట రెండు వంతులకు తగ్గింది. ఇలా చేయాలంటే, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలరు కూడా 24 వోల్టులకు పనిచేసేదే కావాలి. కంట్రోలరులో వేగాన్ని తగ్గించే సెట్టింగు ఉన్నా నేను దాని మీద ఆధారపడను. దాన్ని తిరిగి పెంచడం ఎలాగో పిల్లలు త్వరగానే కనిపెడతారు.

ఇలాంటి బండిని ఏ వయసువారు ఎక్కడ నడపవచ్చో మీ దేశపు నిబంధనలు ముందే చూడండి. బ్రిటన్‌లో 14 ఏళ్లు నిండితే గానీ విద్యుత్ సైకిల్‌ను రోడ్డు మీదికి తేనివ్వరు.

సైకిల్

హ్యాండిల్ గొట్టం ఫ్రేముకు కలిసే చోట వేలితో తడిమి చూడండి. రంగు వెంట్రుకలా చీలి కనిపిస్తే లోపల ఇనుము కూడా పగులుతోందేమోనని అనుమానించి ఆ ఫ్రేమును పక్కన పెట్టేయాలి. ముందు, వెనుక రెండు చేతి బ్రేకులూ విడివిడిగా పనిచేయాలి. లీవరు పిల్లల వేళ్ల కొసలకు మాత్రమే అందుతుంటే, దాని మొదట్లో ఉండే చిన్న స్క్రూ తిప్పి దగ్గరికి తేవచ్చు. తర్వాత పిల్లను సీటు మీద కూర్చోబెట్టి, రెండు బ్రేకులూ పట్టుకోమని, వెనుక నుంచి మీరు తోయండి. చక్రాలు తిరగకూడదు. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆగిపోయే స్విచ్చి ఉన్న లీవర్లే బిగించండి.

హబ్ మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతూ, అంతే బలంతో ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. నట్టు వదులైతే ఇరుసు గాడిని చీల్చుకుని తిరిగి, వైర్లను మెలిపెట్టి తెంపుతుంది, చక్రమే ఊడిపోవచ్చు. ముందు చక్రం ఊడితే పిల్ల ముఖం నేలకు తగులుతుంది. అందుకే మోటారు వెనుక చక్రానికే ఉండాలి, ఇరుసును ఫ్రేముకు కట్టిపడేసే టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ తప్పనిసరి.

బ్యాటరీ

పాత ల్యాప్‌టాపుల నుంచి సెల్స్ పీకి ఇంట్లో బ్యాటరీ కట్టడం పిల్లల ముందు చేయవలసిన పని కాదు. ప్రతి సెల్‌నూ కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూటు ఉన్న తయారైన లిథియం బ్యాటరీ కొనండి. చార్జరు దానికి సరిపోయేదే కావాలి. 7 సెల్స్ వరుసగా ఉన్న 24 వోల్టుల రకం లిథియం అయాన్ బ్యాటరీ 29.4 వోల్టుల దగ్గర నిండుతుంది. 36 వోల్టుల రకానికి ఇచ్చే 42 వోల్టుల చార్జరు ప్లగ్గు దానికీ పట్టిందంటే మంటలకు దారి తీసినట్టే. రెండు చార్జర్లు ఇంట్లో ఉంటే ఏది ఏ బ్యాటరీకో వాటి మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.

చార్జింగ్ మీరు మెలకువగా ఉన్నప్పుడే, గచ్చు నేల మీద, బయటికి వెళ్లే దారికి అడ్డం లేని చోట పెట్టండి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ వద్దు. ఉబ్బినా, కింద పడి సొట్ట పోయినా ఆ బ్యాటరీని ఇక వాడకండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొసకు వీలైనంత దగ్గరగా ఉండాలి. కంట్రోలరు 15 యాంపియర్లు తీసుకునేదైతే 20 యాంపియర్ల ఫ్యూజు, అంతకన్నా ఎక్కువ మోయగల వైరు వాడండి. బ్యాటరీ దగ్గర పనిచేసేటప్పుడు ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి, మీవి కూడా. కంట్రోలరుకు బ్యాటరీని కలిపేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ రావచ్చు. పిల్లలు ఉలిక్కిపడి వైరు వదిలేయకుండా ఆ సంగతి ముందే చెప్పండి.

ఆ ఒక్క నల్ల వైరు

యాక్సిలరేటరుకు మూడు వైర్లు ఉంటాయి: 5 వోల్టులది, సంకేతం పంపేది, గ్రౌండు. మా దాంట్లో నల్లటి గ్రౌండు వైరు కనెక్టరులో సగమే దిగింది. నేను చూసుకోలేదు. వెనుక చక్రం స్టాండు మీద గాలిలో ఉంది. స్విచ్చి వేయగానే, ఎవరూ యాక్సిలరేటరు ముట్టుకోకుండానే చక్రం ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంది. గ్రౌండు తెగితే సంకేతం వైరులో వోల్టేజీ పైకి లేస్తుంది, రక్షణ లేని కంట్రోలరు దాన్ని పూర్తి వేగం ఆజ్ఞగా తీసుకుంటుంది. నేను వైర్ల వైపు చేయి చాపేలోగా అమ్మాయి కరెంటు తెంచే ఎర్ర స్విచ్చి కొట్టేసింది. అంతకు ముందు వారం రోజులు, కళ్లు మూసుకుని ఆ స్విచ్చిని తడిమి పట్టుకోవడం తనతో ఆటలా ఆడించాను. ఆ స్విచ్చి హ్యాండిల్ మీద, బొటనవేలికి అందేలా ఉండాలి. మోటారు బిగించాక మొదటి పరీక్షలన్నీ చక్రం గాలిలో ఉంచే చేయండి. కనెక్టరులో ప్రతి వైరునూ ఒక్కొక్కటిగా మెల్లగా లాగి చూడండి.

యాక్సిలరేటరు బొటనవేలితో నొక్కే రకం తీసుకోండి. చేతిపిడి తిప్పే రకమైతే, భయపడిన పిల్ల గట్టిగా పట్టుకున్నకొద్దీ బండి ఇంకా పరుగెడుతుంది.

పనిచేసే చేతులు

డ్రిల్లింగు మీరే చేయండి. పిల్లలు కళ్లద్దాలు పెట్టుకుని దూరంగా నిలబడి చూస్తారు. తిరిగే డ్రిల్లు దగ్గర చేతి తొడుగులు వద్దు, అవి చుట్టుకుని వేళ్లను లాగేస్తాయి. సోల్డరింగు మీ పక్కన కూర్చుని నేర్చుకోవచ్చు, కిటికీలు తెరిచి, తర్వాత చేతులు కడుక్కోవాలి. ఒక చేత్తో పెడలు తిప్పుతూ రెండో చేత్తో చైను సర్దడం మాత్రం ఎవరూ చేయకూడదు. పళ్ల చక్రానికీ చైనుకూ మధ్య పడిన వేలు తెగిపోతుంది. చైను సర్దేటప్పుడు బ్యాటరీ తీసేసి ఉండాలి.

మొదటి సవారీలు

సీటు కిందికి దించి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా చూడండి. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పారేయండి. మోటారు లేకుండా తొక్కి బ్రేకులు పట్టడం పది పన్నెండు సార్లు చేయించి, ఆ తర్వాతే స్విచ్చి వేయనివ్వండి. చోటు ఖాళీగా, చదునుగా ఉండాలి.

మొదటి రోజు తిరిగి వచ్చాక ఇరుసు నట్టుకు స్పానరు వేసి చూశాం, పావు వంతు తిరిగింది. నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాం. గీత విడిపోయి కనిపిస్తే నట్టు కదిలినట్టే. ఇప్పుడు ప్రతిసారీ ఎక్కే ముందు అమ్మాయి వంగి ఆ గీతను చూస్తుంది, తర్వాత బ్రేకులు నొక్కుతుంది, తర్వాత ఎర్ర స్విచ్చి. బ్యాటరీ తాళంచెవి మాత్రం నా జేబులో ఉంటుంది.