కూతుళ్లకు అండాశయాలు ఎందుకు పెరగలేదు? డ్రోసోఫిలాలో పి-ఎలిమెంట్ పరీక్ష

తల్లి ఈగ ఆరోగ్యంగా ఉంది, తండ్రి ఈగా అంతే. పుట్టిన కూతుళ్ల కడుపులో మాత్రం అండాశయాలు లేవు. అవే రెండు స్టాకుల్ని (ల్యాబులో తరతరాలుగా పెంచే ఈగల వంశాలు) తిరగేసి, అంటే తల్లి వైపుదాన్ని తండ్రిగా మార్చి, జతకడితే, ఈసారి కూతుళ్లు చక్కగా గుడ్లు పెడతాయి. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే పండ్ల ఈగలో కనబడే ఈ తేడాను మార్గరెట్ కిడ్‌వెల్ బృందం 1977లో హైబ్రిడ్ డిస్‌జెనిసిస్ పేరుతో వివరించింది.

దీని వెనకున్నది పి-ఎలిమెంట్ అనే దూకే డీఎన్‌ఏ ముక్క. పూర్తి ప్రతి పొడవు 2,907 బేస్ జతలు. క్రోమోజోముల్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతూ తన ప్రతుల్ని పెంచుకుంటుంది, ఈగకు నష్టం జరిగినా సరే. డ్రోసోఫిలా విల్లిస్టోని అనే వేరే జాతి నుంచి 20వ శతాబ్దంలో మెలనోగాస్టర్‌లోకి వచ్చి, కొద్ది దశాబ్దాల్లోనే బయటి ఈగలన్నిటికీ పాకింది. అంతకుముందే ల్యాబుల్లో చేరిన కాంటన్-ఎస్, ఓరెగాన్-ఆర్ స్టాకుల్లో ఇది లేదు. వాటిని ఎం స్టాకులంటారు. పి ఉండి చురుగ్గా దూకేవి పి స్టాకులు, వాటిలో హార్విచ్ బలమైనది.

పి ఉన్న తల్లి గుడ్డులోకి పైఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలను పంపుతుంది. అవి పి-ఎలిమెంట్ నోరు నొక్కేస్తాయి. ఎం తల్లి గుడ్డులో ఆ కాపలా ఉండదు. తండ్రి నుంచి వచ్చిన పి అక్కడ విచ్చలవిడిగా దూకి డీఎన్‌ఏను తెంపుతుంది, బీజకణాలు చచ్చిపోతాయి. ఒళ్లంతా బాగానే ఉంటుంది. ఎందుకంటే శరీర కణాల్లో పి ఆర్‌ఎన్‌ఏ నుంచి మూడో ఇంట్రాన్ (మధ్యలో కత్తిరించి తీసేయాల్సిన భాగం) తొలగదు, దూకడానికి కావలసిన ఎంజైము తయారుకాదు.

కాబట్టి మీ దగ్గరున్న స్టాకు సంగతి తేల్చాలంటే రెండు క్రాస్‌లూ (జతకట్టించడాలు) చెయ్యాల్సిందే. మొదటిది: కాంటన్-ఎస్ ఆడవి, మీ స్టాకు మగవి. మీ ఈగల్లో పి ఎంత చురుగ్గా ఉందో ఇది చెబుతుంది. రెండోది: మీ స్టాకు ఆడవి, హార్విచ్ మగవి. మీ ఈగల కాపలా ఎంత గట్టిదో ఇందులో తెలుస్తుంది. ఒక్క క్రాస్ చేసి తీర్పు చెప్పడం ఈ పరీక్షలో జరిగే అతి పెద్ద పొరపాటు.

ఆడవి కచ్చితంగా వర్జిన్లే, అంటే ఇంకా జతకట్టనివే, కావాలి. పొద్దున వయల్లోని (ఈగల్ని పెంచే చిన్న గొట్టం) పెద్ద ఈగలన్నిటినీ తీసేసి, 25 డిగ్రీల దగ్గర 8 గంటల్లోపు బయటికొచ్చిన ఆడవాటిని ఏరండి. పాలిపోయిన ఒళ్లు, పొట్ట అడుగున నల్లటి మచ్చ ఉంటే అప్పుడే పుట్టినట్టు. ముందుకాళ్ల మీద నల్లటి దువ్వెన ఉంటే అది మగది. ఏరినవాటిని మూడు రోజులు విడిగా ఉంచితే మేలు. ఆ వయల్లో పిల్లపురుగులు కనిపిస్తే మొత్తం పారేయండి.

వయల్‌కు 10 ఆడ, 10 మగ ఈగల చొప్పున వేసి 29 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టండి. గుడ్డు పెట్టిన క్షణం నుంచీ ఆ వేడి ఉండాలి. బీజకణాలు దెబ్బతినేది పిండదశ చివర, పిల్లపురుగు తొలి రోజుల్లో. ప్యూపా అయ్యాక వేడిలోకి మార్చి లాభం లేదు. అలాగని 30 దాటనివ్వకండి, వేడికే మగవి వట్టిపోతాయి. ఈ వేడికి మేత ఎండి గోడల నుంచి విడిపోతుంది కాబట్టి లోపల నీళ్ల ట్రే ఉంచండి. నాలుగో రోజుకు తల్లిదండ్రుల్ని తీసేయండి, లేకపోతే వయల్ కిక్కిరిసిపోతుంది.

కూతుళ్లు పుట్టాక రెండు నుంచి ఐదు రోజులు ఈస్ట్ పేస్టు పెట్టి మేపాలి. తిండి చాలని ఈగకు అండాశయం ముడుచుకుని ఉంటుంది, దాన్ని పి ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. తర్వాత మత్తిచ్చి, 0.7 శాతం ఉప్పునీటి చుక్కలో పెట్టి, ఒక ఫోర్సెప్స్‌తో ఛాతీని పట్టుకుని, రెండోదానితో పొట్ట చివర మెల్లగా లాగండి. మామూలు ఈగలో గింజలు దట్టంగా పట్టిన గుత్తుల్లా రెండు తెల్లటి అండాశయాలు బయటికొస్తాయి. ముదిరిన గుడ్డుకు తలవైపు రెండు సన్నని కొమ్ములుంటాయి. దెబ్బతిన్న ఈగలో అండనాళం చివర సన్నటి పోగు తప్ప ఏమీ ఉండదు. రెండు స్లైడ్ల మధ్య నొక్కి గుడ్లు వస్తాయో లేదో చూసే పద్ధతి త్వరగా అవుతుంది గానీ, ఒకవైపే పోయినవాటిని అది పట్టుకోలేదు.

కనీసం 50 మంది కూతుళ్లను ఇలా కోసి చూడండి. వాళ్లలో 38 మందికి రెండూ, 6 మందికి ఒకటీ లేవనుకుందాం: 100 అండాశయాల్లో 82 పోయినట్టు, అంటే 82 శాతం. 10 శాతం లోపుంటే తక్కువ కింద లెక్క. మొదటి క్రాస్‌లో ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ వస్తే మీది పి స్టాకు. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువైతే ఎం. రెండూ తక్కువైతే క్యూ రకం, అంటే కాపలా ఉంది గానీ అండాశయాల్ని చెడగొట్టేంత చురుకు లేదు.

అండాశయాలు నిండుగా ఉండి, గుడ్లు పెట్టినా పొదగకపోతే ఐ-ఎలిమెంట్ అనే ఇంకో దూకే డీఎన్‌ఏను అనుమానించండి. హోబో అనే మరో దూకే డీఎన్‌ఏ కూడా అండాశయాలను ఎండగడుతుంది, కాబట్టి పీసీఆర్‌తో (డీఎన్‌ఏ పరీక్ష) పి ఉందని చూసుకోకుండా నేరం దాని మీద మోపకండి. వేడి తక్కువగా ఉంటే అండాశయాలు చాలావరకు నిలుస్తాయి. అంతమాత్రాన పి నిద్రపోయినట్టు కాదు: కొత్త మ్యుటేషన్లు వస్తాయి, మామూలుగా రీకాంబినేషన్ (జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగని మగ ఈగల్లోనూ అది మొదలవుతుంది.

కాంటన్-ఎస్ వయళ్లను బయటినుంచి పట్టుకొచ్చిన ఈగలకు దూరంగా ఉంచండి. ఒక్క మగది దూరినా ఆ స్టాకు ఎం కాకుండా పోవచ్చు. అప్పుడప్పుడూ దాని ఆడవాటిని హార్విచ్ మగవాటితో కలిపి, శాతం ఇంకా ఎక్కువే వస్తోందో లేదో చూసుకోండి.