పాత కారులో కొత్త ఇంజిన్ హీటెక్కుతోందా? పెద్ద రేడియేటర్ కొనేముందు ఇవి చూసుకోండి

పాత అంబాసిడర్ బాడీలో ఇసుజు 1.8 దింపారు, లేదా పద్మినిలో జిప్సీ 1.3 కూర్చోబెట్టారు. మౌంటింగులు కుదిరాయి, గేర్లు మెత్తగా పడుతున్నాయి, లాగుడు అదిరింది, ఇక ఢోకా లేదనుకునేసరికి ఏప్రిల్ వచ్చేస్తుంది, జొన్నాడ నుంచి రావులపాలెం వంతెన దాటేలోపే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట, పెద్ద రేడియేటర్ వేయించెయ్యండి అని. నన్నడిగితే అది ఆఖర్న చేయాల్సిన పని. ఎక్కువ బళ్లలో రేడియేటర్ చిన్నదై కాదు, ఉన్న రేడియేటర్‌లోంచి గాలి పోక, లోపల నీళ్లు తిరగాల్సిన దారిలో తిరగక హీటెక్కుతాయి. ఆ రెండూ వదిలేసి ఎంత పెద్దది బిగించినా డబ్బులు గోదాట్లో పోసినట్టే.

కొత్త ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టించే మాట నిజమే. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ 50 హెచ్‌పీ చుట్టుపక్కల ఇస్తే ఇసుజు 1.8 దాదాపు 75 ఇస్తుంది, పద్మిని 1089 సీసీ ఇంజిన్ ఇచ్చేది 40 అయితే ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) జిప్సీ ఇంజిన్ ఇచ్చేది 80. కాలిన పెట్రోల్‌లో సుమారు మూడో వంతు వేడి కూలెంట్‌లోకే, అంటే ఇంజిన్‌ని చల్లబరుస్తూ తిరిగే నీళ్లలోకే పోతుంది కాబట్టి పవర్ రెట్టింపైతే రేడియేటర్ మీద పడే భారం కూడా ఇంచుమించు రెట్టింపే. కానీ అది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటి లెక్క. కాలవ గట్టు రోడ్డు మీద 40లో పోతున్నప్పుడు ఏ ఇంజినైనా వాడేది అందులో కొంచెమే, అంత తక్కువలో కూడా హీటెక్కుతోందంటే తప్పు రేడియేటర్ సైజులో వెతకొద్దు.

అసలు నిజంగా హీటెక్కుతోందా అన్నది ముందు తేల్చుకోండి. పాత డ్యాష్‌బోర్డ్ మీటరుకి కొత్త ఇంజిన్ సెన్సార్ వైరు తగిలించేసిన బళ్లు చాలా ఉన్నాయి, ఆ రెంటికీ రెసిస్టెన్స్ కలవదు, 85 డిగ్రీలకే ముల్లు ఎర్రలోకి పోతుంది, ఒక్కోసారి ఇంజిన్ ఉడికిపోతున్నా మధ్యలోనే ఉంటుంది. ఈ రెండోది ప్రమాదం. మీటరూ సెన్సారూ ఒకే సెట్‌గా కొని పెట్టుకోవడం మేలు. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, కాకపోతే మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) హౌసింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఆ ముక్క మీద కొట్టి చూడండి. 90 నుంచి 100 మధ్య ఉంటే కొత్త ఇంజిన్లకి అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

నిజంగానే ఎక్కుతోందంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఎప్పుడు ఎక్కుతోంది? పెళ్లి ఊరేగింపులో బ్యాండు వెనకాల నడక స్పీడులో పోతుంటే ఎక్కి, ఊరు దాటి 60లో పడగానే దిగిపోతుంటే అది గాలి సమస్య, అంటే ఫ్యాన్. ఊళ్లో బాగానే ఉండి సిద్ధాంతం, తణుకు వైపు హైవే మీద 90లో పోతుంటే నెమ్మదిగా ఎక్కుతుంటే ఎక్కువగా నీళ్ల సమస్య, లేదా కోర్, అంటే రేడియేటర్ మధ్యలో గొట్టాలూ రెక్కలూ ఉండే భాగం, మూసుకుపోవడం. రెండు చోట్లా ఎక్కుతుంటే ముందు గాలి సంగతి చూడండి, అది చవక.

ఫ్యాన్ దగ్గర కాస్త ఆగుదాం. పాత బెల్ట్ ఫ్యాన్ తీసేసి జాగా లేక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడతారు, అదీ నేరుగా కోర్‌కి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేస్తారు. అలా కడితే ఫ్యాన్ చుట్టు ఎంతుందో అంత గుండ్రటి భాగంలోంచే గాలి వస్తుంది, మూలల్లో ఉన్న కోర్ అంతా దండగ. రేడియేటర్ వెనక వైపు మొత్తాన్ని కప్పే కవరు, ష్రౌడ్ అంటారే, అది రేకుతో చేయించి కోర్‌కి రెండంగుళాల ఎడం ఇచ్చి మధ్యలో ఫ్యాన్ బిగించాలి. లేత్ షాపులోనో రేకు పని చేసేవాళ్ల దగ్గరో ఒక పూటలో అయిపోతుంది. ఫ్యాన్ ఇంజిన్ వైపు ఉండి గాలిని లాక్కునేలా ఉండటమే మంచిది, ముందు నుంచి నెట్టే ఫ్యాన్ బండి పరుగెత్తేటప్పుడు వచ్చే గాలికే అడ్డం. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, శబ్దం మామూలుగానే వస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. ఈనాడు పేపర్లో ఒక షీటు తీసి గ్రిల్ దగ్గర పట్టుకోండి. గట్టిగా అతుక్కోవాలి, నాలుగు మూలలా అతుక్కోవాలి. మధ్యలో మాత్రమే అతుక్కుని అంచులు రెపరెపలాడుతుంటే ష్రౌడ్ పని చేయట్లేదు, మీ వైపు ఎగిరొస్తే ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది.

కరెంటు కూడా చూడాలి. 12 అంగుళాల ఫ్యాన్ 10 నుంచి 15 ఆంపియర్లు తాగుతుంది, దాన్ని పాత బండి ఇగ్నిషన్ వైరు నుంచి నేరుగా ఇచ్చేస్తే వైరు వేడెక్కుతుంది, ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ నుంచి మందపాటి వైరు, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), మంచి ఎర్తు, ఇవి తప్పనిసరి. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 13 వోల్టులకి అటూ ఇటూ రావాలి, 11 వస్తోందంటే మిగతాది మీ వైర్లే తినేస్తున్నాయి. ఫ్యాన్ స్విచ్ 92, 95 డిగ్రీల మధ్య ఆన్ అయ్యేది ఎంచుకోండి. థర్మోస్టాట్ తెరుచుకునేది 88 దగ్గరై స్విచ్ 80కే ఆన్ అయ్యేదైతే ఫ్యాన్‌కి విశ్రాంతే ఉండదు.

ఇక రేడియేటర్ చుట్టూ ఖాళీలు. అంబాసిడర్ ముక్కు విశాలం, కొత్త ఇంజిన్ కోసం సన్నటి రేడియేటర్ పెట్టాక రెండు పక్కలా చెయ్యి దూరేంత సందులు మిగులుతాయి, గ్రిల్‌లోంచి వచ్చిన గాలి కోర్‌లో దూరే కష్టం పడకుండా ఆ సందుల్లోంచే పోతుంది. రేకు ముక్కలూ రబ్బరు బీడింగూ పెట్టి మూసేయండి. ఖర్చు నాలుగు వందలు కూడా కాదు, హైవే మీద తేడా మీటర్లోనే కనిపిస్తుంది. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి లేపడం ఒక ఫ్యాషన్ అయింది, ఆగి ఉన్నప్పుడు వేడి గాలి బయటికి పోతుంది గానీ పరుగులో అద్దం కింద గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి బయటి గాలే లోపలికి వస్తుంది. ఊరేగింపు బండికి సరే, హైవే బండికి వద్దు. ఏసీ పెట్టించిన వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్ వేడంతా రేడియేటర్ మీదికే వస్తుంది, ఏసీ వేయగానే ఫ్యాన్ కూడా ఆన్ అయ్యేలా వైరింగ్ ఉండాలి.

మన వైపు ప్రత్యేకమైన బాధ ఇంకోటి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, మిషన్లు నూర్చిన దూగర గాల్లో తేలుతుంటుంది, రాత్రి పూట చేల మధ్య పోతే పురుగులు. ఇవన్నీ కోర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి, పైగా ముందు కండెన్సర్ ఉంటే దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో పరుపులా పేరుకుంటాయి, బయటి నుంచి చూస్తే రేడియేటర్ తళతళలాడుతూనే ఉంటుంది. ఇంజిన్ చల్లారాక లోపలి నుంచి బయటికి, మామూలు గొట్టంతో నీళ్లు కొట్టండి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ ఎదురుగా పెట్టి కొట్టిస్తే రెక్కలు వంగి పడుకుంటాయి, ఇక గాలి పోదు. పురుగులు రాకుండా గ్రిల్ వెనక దోమల మెష్ కట్టేవాళ్లున్నారు. కోతల రోజుల్లో కట్టుకోండి, తర్వాత విప్పేయండి.

ఇప్పుడు నీళ్ల వైపు. హైవే మీద కాసేపు నడిపి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే పై హోస్ చివరా కింది హోస్ చివరా టెంపరేచర్ చూడండి. తేడా సుమారు 6 నుంచి 10 డిగ్రీలుంటే మామూలే. తేడా బాగా ఎక్కువుంటే నీళ్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, రెండూ ఒకేలా కాలిపోతుంటే గాలి వేడిని పట్టుకుపోవట్లేదు. కోర్ మీద అక్కడక్కడా చల్లగా తగిలితే ఆ గొట్టాలు మూసుకుపోయినట్టే, ఇత్తడి రేడియేటర్ అయితే రాడ్డింగ్ (గొట్టాల్లోకి సన్నటి ఊచలు దింపి శుభ్రం చేయడం) చేయించవచ్చు. ఇంజిన్ రెయిజ్ చేసినప్పుడు కింది హోస్ నొక్కుకుపోతోందేమో చూడండి, పంపు లాగే చోట మెత్తటి హోస్ ఉంటే చప్పబడుతుంది, లోపల స్ప్రింగ్ ఉన్నదో గట్టిదో వేయాలి. ఇంజిన్‌తో వచ్చిన బెల్ట్ దారి మార్చి ఉంటే వాటర్ పంపు తిరగాల్సిన వైపే తిరుగుతోందా అన్నది కూడా చూసుకోండి, బెల్ట్ రెండో మొహంతో నడిపిస్తే పంపు ఉల్టా తిరుగుతుంది.

థర్మోస్టాట్ పీకేయడం మన మెకానిక్కుల్లో చాలామందికి మొదటి వైద్యం. వద్దని చెప్పండి, గట్టిగా చెప్పండి. చాలా కొత్త ఇంజిన్లలో థర్మోస్టాట్ వెనక ఇంకో పళ్లెం ఉంటుంది, వేడెక్కాక అది బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతాయి. తీసేశాక హైవే మీద ఇంకా ఎక్కువ హీటెక్కే బళ్ల రహస్యం ఇదే. పైగా చలికాలం పొద్దున్నే ఇంజిన్ వేడెక్కక ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పోతుంది. అనుమానముంటే బయటికి తీసి గిన్నెలో నీళ్లలో వేసి, టెంపరేచర్ చూసుకుంటూ నెమ్మదిగా వేడి చేయండి, దాని మీద కొట్టిన నంబరు దగ్గర తెరుచుకోకపోతే కొత్తది కొనండి.

పాత బాడీలో కొత్త ఇంజిన్‌కి అసలు పేచీ గాలి బుడగలు. అంబాసిడర్ రేడియేటర్ మూత పాత ఇంజిన్ ఎత్తుకి సరిపడా ఉంటుంది, కొత్త ఇంజిన్ హెడ్డు (ఇంజిన్ పైభాగం) ఒక్కోసారి దానికన్నా ఎత్తులో ఉంటుంది, మూత దాకా నీళ్లు పోసినా హెడ్డులో గాలి అలాగే ఉండిపోతుంది. ఆ గాలిలో సెన్సార్ ఉంటే మీటర్ చల్లగా చూపిస్తూనే ఉంటుంది, లోపల హెడ్డు వంగిపోతుంటుంది. మందు ఏంటంటే మూత ఉన్న కూలెంట్ డబ్బా అన్నిటికన్నా ఎత్తులో, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) దగ్గర పెట్టడం, హెడ్డు పైభాగం నుంచీ రేడియేటర్ పైనుంచీ సన్నటి పైపులు దానికి తేవడం. నీళ్లు నింపేటప్పుడు బండి ముక్కు పైకి ఉండాలి. మన డెల్టా అంతా పళ్లెంలా చదునే కాబట్టి ఏటిగట్టు మీదికెక్కే ర్యాంపు మీద ఆపండి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి రాళ్లు పెట్టండి, చల్లటి ఇంజిన్ మీదే మూత తీసి నింపి స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కేదాకా బుడగలు పోనిచ్చి, తగ్గిన కొద్దీ పోసి మూత బిగించండి. హీటర్ వాడం కదా అని ఆ రెండు గొట్టాలకి బిరడాలు కొట్టొద్దు, కొన్ని ఇంజిన్లలో అదే బైపాస్. రెంటినీ ఒక హోస్‌తో కలిపేయండి.

మూత సంగతి చిన్నదే గానీ ముఖ్యం. పాత మూతలు 4 నుంచి 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర తెరుచుకునేవి, కొత్త ఇంజిన్లకి 13 నుంచి 16 కావాలి. 7 పీఎస్ఐ దగ్గర మామూలు నీళ్లు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 15 దగ్గర 121. సగం కూలెంట్ కలిపితే 129 దాకా పోతుంది. అయితే నలభై ఏళ్ల నాటి ఇత్తడి రేడియేటర్‌కి ఒక్కసారి 15 మూత పెడితే టాప్ ట్యాంకు అతుకులు ఊడొస్తాయి, ముందు రేడియేటర్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి.

ఇక నీళ్లు. భీమవరం, నరసాపురం వైపు బోరు నీళ్లు ఉప్పు, కాలవ నీళ్లలో ఒండ్రు, రెండూ అల్యూమినియం హెడ్డుకి విషమే. బ్యాటరీలకి అమ్మే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకుని కూలెంట్‌తో కలపండి. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ కూడా చాలు, ఎందుకంటే వేడి మోయడంలో నీళ్లే గట్టివి, కూలెంట్ కావాల్సింది ముఖ్యంగా తుప్పు పట్టకుండా. డబ్బా మీద రాసిన కనీస పాళ్ల కన్నా కిందికి మాత్రం దిగొద్దు. రంగులు కలపొద్దు, కొన్ని జంటలు జిగురవుతాయి.

ఇవన్నీ అయ్యాకా హైవే మీద ఎక్కుతూనే ఉంటే అప్పుడు అల్యూమినియం రేడియేటర్ గురించి ఆలోచించండి, వెడల్పు గొట్టాల రెండు వరసలది చాలు, మందం కన్నా ఎదురు వైశాల్యం చూసుకోండి. రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టండి. ఇంజిన్ ఎర్తు సరిగ్గా లేకపోతే కరెంటు కూలెంట్‌లోంచి పోయి అల్యూమినియాన్ని తినేస్తుంది. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి కూలెంట్‌లో ముంచి, లైట్లూ ఫ్యాన్లూ వేసి చూడండి, 0.3 వోల్టు దాటితే ముందు ఎర్తులు సరిచేయించండి. మరిచిపోకముందే, ఇంజిన్ మార్పుకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కకపోతే ఇన్సూరెన్సు దగ్గర పేచీ.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా గట్టిపడితే, డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయినట్టు అనుమానించండి, అప్పుడు పైవన్నీ చేసి లాభం లేదు.

దారిలో ముల్లు ఎక్కడం మొదలైతే ఏసీ కట్టేయండి, హీటర్ ఉంటే ఫుల్లు పెట్టండి, ఊళ్లో ఇరుక్కుంటే న్యూట్రల్‌లో కాస్త రెయిజ్ చేయండి. ఎర్ర గీత తాకిందంటే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయడమే, వంతెన దాటేద్దాం అనుకోవద్దు. బానెట్ తెరవండి, మూత ముట్టుకోవద్దు, కాలవలోంచి బకెట్టు తెచ్చి ఇంజిన్ మీద పోయొద్దు, అల్యూమినియం హెడ్డు పగులుతుంది. ఎవరైనా సాయం చేస్తామని ఆ బకెట్టుతో వస్తే దణ్ణం పెట్టి ఆపండి. పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయేదాకా ఆగి, గుడ్డ వేసి మూత కొంచెం కొంచెంగా తిప్పి తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి నెమ్మదిగా నీళ్లు పోయండి.