పర్యావరణ అనుమతికి దరఖాస్తు: పరివేష్‌లో ఫైలు వేసే ముందే తేలాల్సిన లెక్కలు

మీ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలా వద్దా అన్నది పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ తేలుస్తుంది. గనులు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు, రసాయన పరిశ్రమలు, రహదారులు, పెద్ద భవనాలు అన్నీ వరుస సంఖ్యలతో, పరిమాణాలతో దాని షెడ్యూల్లో ఉంటాయి. మీ పని ఏ వరుసలో పడుతుందో మీరే ఒకసారి చదువుకోండి. కన్సల్టెంటు చెప్పాడు కదా అని వదిలేస్తే, ఇక్కడ దొర్లిన పొరపాటు ఎన్నో నెలల తర్వాత ప్రాజెక్టును పరిశీలించే నిపుణుల కమిటీ ముందు బయటపడుతుంది.

షెడ్యూల్ ప్రాజెక్టులను 'ఏ', 'బీ' అని రెండు వర్గాలుగా విడదీస్తుంది. 'ఏ' వర్గం ప్రాజెక్టులు దిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు వెళ్తాయి. 'బీ' వర్గానివి రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ ఎస్ఈఐఏఏ చూస్తుంది. దాని పదవీకాలం మూడేళ్లే. అది ముగిసి కొత్త సంస్థ ఏర్పడకపోతే 'బీ' ఫైళ్లూ కేంద్రానికే వెళ్తాయి. 'బీ'లో మళ్లీ బీ1, బీ2 ఉన్నాయి. బీ2కు ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అందుకే అందరి చూపూ బీ2 మీదే ఉంటుంది, తప్పులూ ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

కంకర, గ్రానైటు లాంటి చిన్నతరహా ఖనిజాల గనికి 5 హెక్టార్లు కీలకమైన గీత. తెలంగాణ రికార్డులో విస్తీర్ణం 12 ఎకరాల 20 గుంటలు అని ఉందనుకోండి. దాన్ని 12.20 ఎకరాలుగా కొడితే 4.94 హెక్టార్లు వస్తుంది, బీ2 అనిపిస్తుంది. కానీ ఎకరానికి 40 గుంటలు. కాబట్టి అది 12.50 ఎకరాలు, అంటే 5.06 హెక్టార్లు. నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ తప్పవు. సొంత గని చిన్నదే అయినా 500 మీటర్ల లోపు ఉన్న ఇతర లీజులతో కలిపి 5 హెక్టార్లు దాటితే క్లస్టరుగా, అంటే ఒకే గనుల సముదాయంగా లెక్కిస్తారు. పక్క లీజుల వివరాలను గనుల శాఖ నుంచి రాతపూర్వకంగా ముందే తెచ్చుకోండి.

భవనాల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం నుంచి అనుమతి కావాలి. మున్సిపల్ ప్లానులో లెక్కించే విస్తీర్ణం వేరు, ఇది వేరు. ఇక్కడ అన్ని అంతస్తులతో పాటు సెల్లారు, సర్వీసు స్థలాలు కూడా కలుస్తాయి. అంతస్తుకు 3,400 చొప్పున ఐదంతస్తులంటే 17,000. కింద పార్కింగుకు 2,000 చొప్పున రెండు సెల్లార్లు కలిపితే 21,000 అయింది. 1,50,000 చదరపు మీటర్లు గానీ, స్థలం 50 హెక్టార్లు గానీ అయితే టౌన్‌షిప్ కింద ఇంకో వరుసలోకి వెళ్తుంది, పూర్తి నివేదిక అడుగుతారు.

'జనరల్ కండిషన్ వర్తిస్తుంది' అని షెడ్యూల్లో రాసిన పనులకు దూరం కూడా కొలవాలి. అభయారణ్యానికి, తీవ్ర కాలుష్య ప్రాంతానికి లేదా రాష్ట్ర సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపు ఉంటే 'బీ' కాస్తా 'ఏ' అవుతుంది. జగ్గయ్యపేట, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి ప్రాంతంలో 2014లో పుట్టిన రాష్ట్ర సరిహద్దు ఉందన్న సంగతి మరిచిపోవద్దు.

దరఖాస్తు కేంద్రం నడిపే ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్ పరివేష్‌లోనే వేయాలి. స్థలం హద్దులను డిజిటల్ పటంలో చూపే కేఎంఎల్ ఫైలు, టోపోషీటు (భౌగోళిక పటం), భూమి పత్రాలు, ప్రీ-ఫీజిబిలిటీ (ప్రాథమిక సాధ్యాసాధ్యాల) నివేదిక సిద్ధం చేసుకోండి. కేఎంఎల్‌లో వచ్చే విస్తీర్ణం, సర్వే నంబర్ల మొత్తం, ఫారంలో కొట్టిన అంకె మూడూ ఒకటే కావాలి. తేడా వస్తే ఈడీఎస్ అనే ప్రశ్నతో ఫైలు వెనక్కి వస్తుంది, జవాబిచ్చే దాకా కదలదు.

నివేదిక కావాల్సిన ప్రాజెక్టులకు ముందుగా టీఓఆర్ ఇస్తారు, అంటే అధ్యయనంలో ఏమేం ఉండాలో చెప్పే పత్రం. అధ్యయనం నాబెట్ (కన్సల్టెంటు సంస్థలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న సంస్థే చేయాలి, ఆ గుర్తింపు మీ రంగానికి వర్తిస్తుందో లేదో చూడండి. గాలి, నీరు, శబ్దం, నేల వివరాలను వానాకాలం కాని ఒక సీజన్‌లో మూడు నెలలు సేకరిస్తారు. మే నెలాఖరుకల్లా మూడు నెలలూ పూర్తయ్యేలా మొదలుపెట్టలేకపోతే వానలు ముగిసేదాకా ఆగాల్సిందే. ఆ డేటా మూడేళ్లు దాటితే పనికిరాదు.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. దీన్ని జరిపేది కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక, తెలుగు సారాంశం కలెక్టరేటు, జిల్లా పరిషత్తు, పంచాయతీ వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సభకు కోరం లేదు, మొత్తం వీడియో తీస్తారు.

ఆ తెలుగు సారాంశం మీద శ్రద్ధ పెట్టండి. యంత్రంతో అనువదించిన, ఎవరికీ అర్థం కాని పేజీలు పంచితే ఊరివాళ్లకు అనుమానమే మిగులుతుంది. అది న్యాయమైన అనుమానం. 'పేలుడు పదార్థాల వినియోగం నియంత్రిత పద్ధతిలో' అని కాకుండా, పేలుళ్లు ఏ వేళల్లో జరుగుతాయి, దగ్గరి ఇల్లు ఎన్ని మీటర్ల దూరంలో ఉంది, బోర్ల నీరు తగ్గితే ఏం చేస్తారు అన్నది రాయండి. సభలో ఇచ్చిన ప్రతి హామీకీ ఖర్చు, గడువు చేర్చి తుది నివేదికలో పెట్టాలి. కమిటీ సభ్యులు మొదట తిరగేసేది ఆ పట్టికే. మామూలు భవన ప్రాజెక్టులకు ఈ సభ ఉండదు.

తుది నివేదిక అందాక కమిటీ పరిశీలనకు 60 రోజులు, ఆపై నిర్ణయానికి 45 రోజులు గడువు. అడవి భూమి ఉంటే అటవీ అనుమతి వేరే తెచ్చుకోవాలి. దానికి దరఖాస్తు ఆలస్యం చేస్తే ఇక్కడి పనీ ఆగుతుంది.

అనుమతి చేతికి రాకముందు స్థలంలో చేయగలిగింది భూమిని కాపాడుకోవడం మాత్రమే, కంచె వేసుకోవడం లాంటిది. చదును చేయడం, పునాది తవ్వడం ఉల్లంఘన కిందికి వస్తాయి. నివేదికలో తప్పుడు సమాచారం ఇస్తే, వచ్చిన అనుమతి కూడా రద్దవుతుంది.

ఉత్తర్వు వచ్చిన 7 రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది. దీన్ని ఆలస్యం చేయొద్దు. అభ్యంతరం ఉన్నవాళ్లు 30 రోజుల్లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. అంటే 90 రోజులు దాటేదాకా ఉత్తర్వు స్థిరపడ్డట్టు కాదు. షరతుల అమలు నివేదికను ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు పంపాలి. ఫొటోలు, ల్యాబ్ ఫలితాలతో నెలనెలా ఒక ఫైలు నడిపితే ఆ రెండు తేదీలకు వెతుకులాట ఉండదు, విస్తరణకు వెళ్లినప్పుడు అడిగే పాత షరతుల అమలు ధ్రువీకరణకూ అదే ఫైలు ఆధారమవుతుంది.