డౌన్ పేమెంట్ సాయం తీసుకునే ముందు: అమెరికాలో ఇల్లు కొనేవారికి జాగ్రత్తలు

డౌన్ పేమెంట్ (ఇల్లు కొనేటప్పుడు ముందుగా చేతి నుంచి కట్టే సొమ్ము) కోసం ఇచ్చేది గ్రాంటా (తిరిగి కట్టనక్కర్లేని సాయం), రెండో లోనా? కాగితం మీద తేల్చుకోండి. చాలా పథకాల్లో సాయం పేరుతో వచ్చేది ఇంటి మీద రెండో తాకట్టే. నెలనెలా కిస్తీ లేకపోతే ఉచితమనిపిస్తుంది. పథకం పెట్టిన గడువు తీరకముందే ఇల్లు అమ్మినా, రీఫైనాన్స్ చేసినా (పాత లోన్ తీర్చి కొత్తది తీసుకున్నా), ఖాళీ చేసి అద్దెకిచ్చినా బాకీ ఒకేసారి కట్టమనొచ్చు. బాకీ మాఫీ అయ్యే పథకమైతే, అది ఏటా కొంత చొప్పునా, గడువు చివర్లో ఒక్కసారేనా అని కూడా అడగండి. చివర్లోనే అయితే నెల ముందు అమ్మినా పూర్తి సొమ్ము మీ మీదే పడుతుంది.

సాయంతో ఒకటి, సాయం లేకుండా ఒకటి, రెండు లోన్ ఎస్టిమేట్లు (వడ్డీ, ఖర్చుల అంచనాతో లెండర్ ఇచ్చే పత్రాలు) తీసుకోండి. సాయంతో వచ్చే లోన్‌కు వడ్డీ రేటు ఎక్కువ ఉండొచ్చు. 3,00,000 డాలర్ల ఇంటికి ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ సంస్థ బీమా ఉండే గృహరుణం) కనీస డౌన్ పేమెంట్ 3.5 శాతం, అంటే 10,500 డాలర్లు. అంత మొత్తం కోసం 30 ఏళ్లు ఎక్కువ వడ్డీ కట్టడం లాభమో కాదో లెక్క వేయండి.

కొనుగోలు ఒప్పందానికి ముందే నిధులు మిగిలున్నాయా, మీ లెండర్ ఆ పథకంలో ఉన్నారా కనుక్కోండి. మంజూరు ఆలస్యమైతే క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) తేదీ తప్పి, ఎర్నెస్ట్ మనీ (ఒప్పందంతో పాటు ఇచ్చే బయానా) చిక్కుల్లో పడొచ్చు.

ఇదివరకు ఇల్లుందని వెనక్కి తగ్గకండి. గత 3 ఏళ్లుగా సొంత నివాసం లేకపోతే చాలా పథకాలు మొదటిసారి కొనేవారిగానే చూస్తాయి.

కొనుగోలుదారుల శిక్షణ ముందే పూర్తిచేయండి. సర్టిఫికెట్ లేక ఫైలు ఆగిపోవచ్చు.

బంధువులు డబ్బిస్తే, తిరిగి ఇవ్వనక్కర్లేదన్న గిఫ్ట్ లెటర్, బ్యాంకు బదిలీ రుజువు ఉంచుకోండి. లెక్క తెలియని పెద్ద జమను లెండర్ ఒప్పుకోరు.