ఆర్ట్ పేపర్ పుస్తకాలు తేమకి పాడవకుండా కాపాడుకోవడం

బొమ్మల పుస్తకం తెరిచి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కాగితం మీద ఒక నునుపైన మెరుపు కనిపిస్తుంది. అది కాగితం మెరుపు కాదు, దాని మీద పూసిన పూతది. చైనా మట్టి, సుద్దపొడి, వాటిని పట్టి ఉంచే జిగురు కలిపి పూసిన కాగితాన్నే ప్రెస్సుల్లో ఆర్ట్ పేపర్ అంటారు. మ్యాట్ రకానికి మెరుపు ఉండదు గానీ పూత ఉంటుంది. సిరా లోపలికి ఇంకిపోకుండా పైనే నిలవడం, ఫోటోలో వెంట్రుక కూడా విడిగా కనిపించడం ఈ పూత చలవే. పుస్తకం పాడైతే అదీ దీనివల్లే. నవల తడిస్తే ఆరబెట్టుకుని చదువుకోవచ్చు. ఆర్ట్ పేపర్ తడిస్తే పూతలోని జిగురు మెత్తబడుతుంది, ఆరేటప్పుడు పేజీకి పేజీ అతుక్కుపోయి పుస్తకం ఇటుకలా తయారవుతుంది.

కొనేటప్పుడే పుస్తకాన్ని పైనుంచి, వెన్ను వైపు చూడండి. ఫారాల (అచ్చేసిన పెద్ద కాగితాన్ని మడిచి చేసిన పేజీల కట్టల) మడతలు గుత్తులు గుత్తులుగా కనిపించి, ఫారం నడిమి పేజీలో దారం ఉంటే కుట్టు బైండింగ్. మడతలు లేకుండా నున్నగా కోసినట్టుంటే గమ్ బైండింగ్. నున్నటి పూత మీద గమ్ సరిగా పట్టదు, కాబట్టి బరువైన ఆర్ట్ పుస్తకం గమ్ బైండింగ్‌లో ఉంటే కొన్నాళ్ళకి పేజీలు ఊడి చేతికొస్తాయి. ఒకే పుస్తకం రెండు రకాల్లో దొరికితే, ధర ఎక్కువైనా కుట్టు బైండింగ్‌దే తీసుకోండి.

అరలో పెట్టే తీరు కూడా ముఖ్యమే. 25×30 సెం.మీ. సైజులో, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి 150 గ్రాములు తూగే) కాగితం మీద 300 పేజీల పుస్తకం వేస్తే లోపలి కాగితమే సుమారు 1.7 కిలోలు తూగుతుంది. గట్టి అట్ట పుస్తకాల్లో అట్ట కాగితం కన్నా మూడు మిల్లీమీటర్ల దాకా బయటికి ఉంటుంది. అందుకని నిలబెడితే కాగితాల కట్ట అరకు ఆనదు, అట్టని పట్టుకుని వేలాడుతుంది. ఆ బరువుకి అట్ట లోపలి మడత దగ్గర చిరుగు మొదలవుతుంది. 35 సెం.మీ. కన్నా పొడుగున్నవీ, మూడు కిలోలు దాటినవీ పడుకోబెట్టండి. ఒకదాని మీద ఒకటి మూడుకి మించొద్దు, పెద్దది అడుగున ఉండాలి. నిలబెట్టినదాన్ని తీసేటప్పుడు వెన్ను పైకొసలో వేలు పెట్టి లాగకండి. అటూ ఇటూ ఉన్న పుస్తకాలని కొంచెం లోపలికి తోసి, నడుము దగ్గర పట్టుకుని తీయండి.

బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు ఉండాలి. బయటి గోడ, అందులోనూ బాత్రూం గోడ అయితే ఆ చోటు పుస్తకాలకి పనికిరాదు. గాలిలో తేమని కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొని అరలో పెట్టండి. గాలిలో తేమ 45–55 శాతం ఉంటే మంచిది, 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది. హైదరాబాద్‌లో వానాకాలం జాగ్రత్తపడితే చాలావరకు గడిచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఏడాది పొడుగునా ఆ అంకె మీద కన్నేసి ఉంచాలి. ముసురు పట్టిన రోజు బీరువా తెరిచిపెడితే బయటి తేమే లోపలికొస్తుంది. తెరపిచ్చి గాలి పొడిగా ఉన్న పూట తలుపులు తీయండి. సిలికా జెల్ పొట్లాలు మూత గట్టిగా పట్టే డబ్బాలో పనిచేస్తాయి గానీ, సందులున్న బీరువాలో వేస్తే దండగ.

వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు ఈ పుస్తకాల దగ్గర మానుకోవాలి. తడి తగిలినచోట పూత మెత్తబడి, ఆరాక అక్కడ వేలిముద్రంత మచ్చ మెరుపు లేకుండా మిగిలిపోతుంది. నల్లటి పేజీ మీదైతే అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకుంటే చాలు. వేపాకు పేజీల మధ్య పెడితే మరక పడుతుంది. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ కవర్‌లో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు. ముందే విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

ఇక పుస్తకం తడిసిందే అనుకుందాం. కాగితం ఆరేలోపే పని జరగాలి, అంటే చేతిలో ఉన్నది కొద్ది గంటలే. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ వాడకండి. పైపొర ముందు ఆరి కాగితం చుట్టుకుపోతుంది, లోపల అతుకులు బిగుస్తాయి. బొమ్మని గుడ్డతో తుడిస్తే తడిసిన పూత రంగుతో సహా గుడ్డకి వస్తుంది.

అంచులు మాత్రమే తడిస్తే పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టండి. టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా గది గోడ వైపు తిప్పండి. పావుగంటకోసారి పేజీలన్నీ ఒక్కొక్కటిగా విడదీయండి, ఒక్క జత కూడా వదలొద్దు. లోపలిదాకా తడిస్తే ప్రతి రెండు పేజీల మధ్యా బటర్ పేపర్ పెట్టి, పేజీ పైన తడి పోయాక తీసేయండి. అచ్చు వేసిన న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా బొమ్మలకి అంటుతుంది. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి, పైన నాలుగైదు కిలోల బరువుంచి రెండు రోజులు వదిలేయండి.

అంత పని అప్పటికప్పుడు చేసే వీలు లేకపోతే, పుస్తకాన్ని తడిగానే పాలిథిన్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టినన్నాళ్ళూ పేజీలు అతుక్కోవు, ఈలోగా పాత పుస్తకాలు బాగుచేసే నిపుణులెవరినైనా వెతుక్కోవచ్చు.

ఇప్పటికే అతుక్కుని ఆరిపోయిన పేజీల మధ్య స్కేలో చాకో దూర్చకండి. పూత ఒక పేజీ నుంచి ఊడి రెండోదానికి అంటుకుని వస్తుంది, రెండు బొమ్మలూ పోతాయి. ఆ జతని అలాగే వదిలేసి, మిగతా పేజీలు విడిగా ఉన్నాయో లేదో చూసుకోండి.