సినిమా చూసిన పిల్లల మాట పట్టుకోవడం ఎట్లా

హన్మకొండలో బడి పిల్లలకు పుస్తకం నుంచి తీసిన మాయాలోకపు సినిమా వేస్తున్నారా? పుస్తకం చదివినోళ్లను, చదవనోళ్లను ముందే వేరుచేయండి. కలిపి అడిగితే చదివినోళ్ల మాటే అందరూ వల్లిస్తారు.

సినిమా అయిపోగానే చేతులెత్తమనొద్దు. ఒక్కరు "సూపర్" అంటే చాలు, అన్ని చేతులూ లేస్తాయి. 5 నిమిషాలు చీటీ మీద రాయించండి, పేరు అక్కర్లేదు. "బాగుందా?" కాదు, "ఎక్కడ భయమైంది? పుస్తకంలో ఉండి ఇక్కడ లేనిదేంది?" అని అడగండి. హ్యారీ పాటర్ మొదటి సినిమా (2001) అయితే, అల్లరి దయ్యం పీవ్స్ ఏడని అడిగేటోళ్లు ఉంటారు. పీవ్స్ సీన్లు షూటింగ్ చేసి కూడా కత్తిరించారు. పిల్లల కోపాన్ని సర్దిచెప్పకండి, ఉన్నదున్నట్టు రాసుకోండి, అదే మనకు కావాల్సింది.

ఈ హ్యారీ పాటర్ సినిమా నిడివి 152 నిమిషాలు. చిన్నోళ్లకు మధ్యలో 10 నిమిషాల విరామం ఇవ్వండి. మీరు వెనక కూర్చొని, గుసగుసలు మొదలైన నిమిషం గడియారం చూసి రాసుకోండి.