పర్లాకిమిడి, రాయగడ వైపు అమ్మానాన్నలూ, మీ పిల్లల బడి వివరాలు ఇలా చూసుకోండి

ముందు బళ్ళ వివరాలుండే కేంద్ర ప్రభుత్వ సైటు యూడైస్ ప్లస్‌లో నో యువర్ స్కూల్‌ (మీ బడి గురించి తెలుసుకోండి) అనే పేజీ తెరిచి బడి 11 అంకెల కోడ్ కొట్టండి, ఒడిశా బళ్ళవి 21తో మొదలవుతాయి, తెలీకపోతే హెడ్మాస్టార్ని అడిగితే చెప్తారు. ఏ క్లాసులో ఎంతమంది, ఆడపిల్లలెందరు, ఎస్సీ ఎస్టీ ఓబీసీ ఎందరు, టీచర్లెందరు అన్నీ వస్తాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90కి ముగ్గురు ఉండాలి, అది మాత్రం తప్పక సరిచూడండి.

కానీ మీ పిల్లాడికి చదవడం వచ్చో రాదో అందులో తెలీదు కదా. మా చిన్నోడు రెండో క్లాసులో ఒడియా పాఠం గడగడా చదివేస్తుంటే ఎంత మురిసిపోయామో, ఒకరోజు మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంట్రా అంటే పాఠం మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు, అంతా బట్టీ! ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వాడి తప్పేం లేదు. మీరూ అలాగే వేలు పెట్టి అడగండి, ముందు అక్షరం, తర్వాత మాట, తర్వాత కొత్త వాక్యం, ఎక్కడ ఆగాడో రాసుకోండి.

ఆ కాగితం పట్టుకుని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌కి వెళ్ళండి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, ఒడియా సరిగా రాకపోయినా పర్లేదు, తెలుగులోనే అడగండి.